ఎదిగే వయసు పిల్లలకు మొదటి రోడ్ బైక్ ఎలా కొనాలి?

స్కూలు యూనిఫారం ఒక సైజు పెద్దది తీసుకుని, అడుగున మడిచి కుట్టించడం మన ఇళ్లలో మామూలే. ఏడాది తిరిగేసరికి మడత విప్పితే సరిపోతుంది. అదే లెక్కతో రోడ్ బైక్ కొంటే మాత్రం డబ్బు దండగ. షాపులో కుర్రాడు కూడా "పెద్ద సైజే తీసుకోండి సార్, పిల్లాడు పెరుగుతాడుగా" అంటాడు. వినకండి. వంపు హ్యాండిల్, సన్న టైర్లు ఉన్న ఈ రేసింగ్ సైకిల్ మీద శరీరం ముందుకు వంగి ఉంటుంది. ఫ్రేమ్ పెద్దదైతే చేతులు సాగదీసి పట్టుకోవాలి, బ్రేకు లివరు సరిగ్గా అందదు, సిగ్నల్ దగ్గర ఆగితే కాలు నేలకు ఆనదు. మెడ నొప్పి, నడుం నొప్పి అంటూ రెండు నెలల్లో ఆ సైకిల్ బాల్కనీకి చేరుతుంది.

చిన్న ఫ్రేమ్‌ను సీటు లేపి, హ్యాండిల్‌ను కాస్త ముందుకు జరిపి కొంతవరకు పెంచుకోవచ్చు. పెద్ద ఫ్రేమ్‌ను కుదించే దారి దాదాపు లేదు. అందుకే రెండు సైజుల మధ్య ఎటూ తేలకపోతే చిన్నదే తీసుకోండి.

1. ముందు తేల్చుకోవాల్సింది

సైకిల్ ఎక్కడ తొక్కుతారు? అపార్ట్‌మెంట్ చుట్టూ, ట్యూషన్‌కు, సందు చివరి కొట్టుకు అయితే వంపు లేని తిన్నటి హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిల్ చాలు, ఖర్చూ తక్కువే. ఆదివారం పొద్దున్నే ఇరవై ముప్పై కిలోమీటర్లు వేగంగా తొక్కాలన్న ఉత్సాహం ఉంటేనే రోడ్ బైక్. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, పైన సోలార్ పలకల కప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ దీనికి బాగా పనికొస్తుంది. విశాఖలో అయితే తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఉండనే ఉంది.

ఎత్తు ఇంకా 150 సెంటీమీటర్లు దాటకపోతే కొద్ది నెలలు ఆగడం మంచిది. పెద్దల రోడ్ బైకుల్లో అతి చిన్న సైజు కూడా దాదాపు ఆ ఎత్తు నుంచే మొదలవుతుంది.

2. కొలత ఇంట్లోనే తీయండి

కావాల్సింది మనిషి ఎత్తు కాదు, కాలి లోపలి పొడవు. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి నడుం పొడవు ఉంటుంది.

చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉండాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, వెనక అంచు గోడకు ఆనేలా, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో అంత గట్టిగా పైకి నొక్కమనండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, నేల నుంచి టేపుతో కొలవండి. రెండుసార్లు కొలవడం మేలు, పిల్లలు మునివేళ్ల మీద లేస్తారు.

ఆ కొలతను 0.67తో గుణిస్తే ఫ్రేమ్ సైజు సుమారుగా సెంటీమీటర్లలో వస్తుంది. 0.883తో గుణిస్తే సీటు ఎత్తు వస్తుంది. దీన్ని పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా కొలవాలి. కాలి లోపలి పొడవు 75 సెంటీమీటర్లు ఉన్న పిల్లవాడికి ఫ్రేమ్ 50, సీటు 66 దగ్గర పడతాయి. ఏడాదిలో ఆ కాలు 79 అయిందనుకుందాం. అప్పుడు లెక్క ప్రకారం ఫ్రేమ్ 53, సీటు దాదాపు 70. అంటే ఇప్పుడు 50 కొంటే, మూడున్నర సెంటీమీటర్లు సీటు లేపి ఏడాది గడిపేయవచ్చు. 54 కొంటే ఆ ఏడాదంతా అవస్థే.

కంపెనీలు సైజును ఒక్కోటి ఒక్కోలా చెబుతాయి. ఒకరి 'స్మాల్' ఇంకొకరి 'మీడియం' కావచ్చు. కాబట్టి అక్షరాలను నమ్మకుండా ఆ మోడల్ సైజుల పట్టిక అడిగి చూడండి.

3. ఎదుగుదలకు చోటుందా?

ఎక్కువమంది చూడని సంగతి ఇది. అమ్మాయిలు సుమారు 11, 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 13, 14 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా ఎదుగుతారు. ఆ ఏడాది అబ్బాయిలు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు పెరగడం మామూలే. అందులోనూ ముందు పాదాలు, కాళ్లు సాగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. దీన్నిబట్టి సైకిల్ మీద ముందు మారాల్సింది సీటు ఎత్తు. హ్యాండిల్ దూరం మారాల్సిన రోజు కొన్ని నెలల తర్వాత వస్తుంది.

సీటు రాడ్ తీయించి చూడండి. దాని మీద ఇంతకంటే పైకి లేపకూడదని చెప్పే గీత ఉంటుంది. ఇవాళ పిల్లవాడికి సరిపోయే ఎత్తులో సీటు పెట్టినప్పుడు, ఆ గీత ఫ్రేమ్ లోపల ఇంకా కనీసం అయిదారు సెంటీమీటర్ల లోతున ఉండాలి. అలా ఉంటే రెండేళ్లకు సరిపడా చోటు ఉన్నట్టే.

తర్వాత స్టెమ్. హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే చిన్న ముక్క అది. 80 మిల్లీమీటర్లది తీసి 100ది వేస్తే చేతులకు రెండు సెంటీమీటర్ల దూరం పెరుగుతుంది. కొన్ని బోల్టుల పని, పెద్ద ఖర్చు కాదు. అయితే హ్యాండిల్ మధ్యలో లావు 31.8 మిల్లీమీటర్లు ఉందో లేదో అడగండి. ఆ కొలత స్టెమ్‌లు సులువుగా దొరుకుతాయి. స్టెమ్ కింద వాషర్లలాంటి రింగులు మూడు నాలుగు ఉంటే ఇంకా మంచిది. మొదట్లో హ్యాండిల్ ఎత్తుగా ఉంచి, అలవాటయ్యాక ఒక్కో రింగు పైకి మార్చుకుంటూ హ్యాండిల్ దించవచ్చు.

హ్యాండిల్ వెడల్పు భుజాల వెడల్పుకు దగ్గరగా ఉండాలి. సన్నటి పిల్లలకు 38 లేదా 40 సెంటీమీటర్లు చాలు. చేతులు చిన్నవైతే బ్రేకు లివరును దగ్గరికి జరిపే స్క్రూ ఉందో లేదో చూడండి. గేర్లు, బ్రేకులు తయారుచేసే షిమానో కంపెనీ క్లారిస్, సోరా రకాల లివర్లలో ఆ ఏర్పాటు ఉంది. చాలా షాపుల్లో అడిగితేనే తిప్పి ఇస్తారు.

4. ఎంత పెట్టాలి, ఎక్కడ ఆగాలి

పేరున్న కంపెనీల అల్యూమినియం రోడ్ బైకులు సుమారు పాతిక వేల నుంచి నలభై వేల మధ్య మొదలవుతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత స్టాకుకు పాత ధరే చెబితే బిల్లులో పన్ను ఎంత వేశారో చూడండి.

షిమానో గేరు సెట్లలో కింది నుంచి పైకి మెట్లు ఇవి: వెనక 7 గేర్ల టూర్నీ, 8 గేర్ల క్లారిస్, 9 గేర్ల సోరా, 10 గేర్ల తియాగ్రా. ఆ పైన '105' అనే సెట్. రెండేళ్లలో చిన్నదైపోయే సైకిల్‌కు సోరా దాటి డబ్బు పెట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. టూర్నీ కూడా తీసిపారేయాల్సిందేమీ కాదు, చైను, పళ్ల చక్రాలు చవక. గేరు మార్చే మీట బ్రేకు లివరులోనే ఉండాలన్న ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. ఫ్రేమ్ మీదో స్టెమ్ దగ్గరో ఉంటే గేరు మార్చిన ప్రతిసారీ కొత్త కుర్రాడు హ్యాండిల్ వదలాలి.

అనంతగిరి గుట్టలు, కైలాసగిరి లాంటి ఎత్తులు ఎక్కాలంటే పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద పళ్ల చక్రానికి 28 నుంచి 32 పళ్లు ఉండేలా చూసుకోండి. మన గతుకులకు, స్పీడ్ బ్రేకర్లకు 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు పట్టే సందు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో ఉండాలి. 23 మిల్లీమీటర్ల టైర్లతో వస్తే పంక్చర్ల టెన్షన్ తప్పదు.

ఆన్‌లైన్‌లో ఎనిమిది, పది వేలకే వంపు హ్యాండిల్ సైకిళ్లు కనిపిస్తాయి. చూడ్డానికి రేసింగ్‌లా ఉన్నా, లోపల బరువైన ఇనుప ఫ్రేమ్, పేరూ ఊరూ లేని గేర్లు. నలభై అయిదు కిలోల పిల్లకు ఆ బరువు చాలా ఎక్కువ. అదే డబ్బుకు ఇంకొంచెం కలిపి సెకండ్ హ్యాండ్ వెతకడం నయం.

5. సెకండ్ హ్యాండ్ అయితే

నా ఓటు దీనికే. 2020 లాక్‌డౌన్ తర్వాత సరదాపడి కొన్న సైకిళ్లు ఎన్నో ఇళ్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. పిల్లల సైజులో అయితే ముందువాళ్ల పిల్లలు ఎదిగిపోయి అమ్మేసేవీ దొరుకుతాయి.

వెళ్లగానే సీటు రాడ్ బోల్టు వదులు చేసి, రాడ్‌ను పూర్తిగా బయటికి తీయమనండి. గ్రీజు పెట్టకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉప్పు గాలి ఊళ్లలో, రాడ్ ఫ్రేమ్‌కు పట్టేసి కదలదు. పెద్దవాళ్లు కొనుక్కుంటే అది చిన్న లోపం. ఎదిగే పిల్లలకు సీటు లేవని సైకిల్ ఎందుకూ పనికిరాదు. రాడ్ రాకపోతే ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి.

చైనును పిల్లల స్కేలుతోనే పరీక్షించవచ్చు. చైను బిగుతుగా ఉన్న చోట ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య భాగం వస్తుంది. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే పళ్ల చక్రాలు కూడా అరిగిపోయాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద టక్ టక్ మంటే అక్కడ వదులుంది. చక్రాలు తిప్పి బెండు చూడండి, కొద్దిగా ఉంటే మెకానిక్ తీస్తాడు. ఫ్రేమ్ గొట్టాలు కలిసే చోట్ల, అందులోనూ హ్యాండిల్ దగ్గర, పెడళ్ల దగ్గర, గోటితో తడిమితే తగిలే సన్నటి గీత ఉంటే అది పగులు కావచ్చు, వద్దనుకోండి. కార్బన్ ఫ్రేమ్ లోపలి దెబ్బ పైకి కనిపించదు కాబట్టి దాని జోలికే పోకండి. పాత బిల్లు అడిగి, ఫ్రేమ్ అడుగున ఉండే నంబరుతో సరిచూసుకోండి. దొంగ సైకిల్ మన ఇంటికి రాకూడదు కదా.

6. ఎక్కించి చూడండి

పిల్లవాణ్ణి తీసుకెళ్లకుండా కొనవద్దు. సర్‌ప్రైజ్ గిఫ్ట్ ఆలోచన మానుకోండి. బూట్లతో ఫ్రేమ్‌కు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే పై గొట్టానికీ ఒంటికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగితే ఎత్తు సరిపోయినట్టే. లివర్ల మీది రబ్బరు పట్టుకున్నప్పుడు మోచేతులు కొంచెం వంగి ఉండాలి. వంపు కింద పట్టుకుని చూపుడు వేలితో బ్రేకు లాగమనండి. అందకపోతే స్క్రూ తిప్పించి మళ్లీ చూడండి. కుడి బ్రేకు ఏ చక్రానికి పడుతుందో కూడా తెలుసుకోండి, పాత సైకిల్‌కు తిరగబడి ఉంటే మొదటి రోజే చెప్పాలి.

పెట్టెలో వచ్చే సైకిల్ అయితే బిగింపు సైకిల్ మెకానిక్‌తోనే చేయించండి. ఎడమ పెడల్ మర వ్యతిరేక దిశలో తిరుగుతుంది, తెలియక బలవంతంగా బిగిస్తే మర పాడైపోతుంది. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి బిగించిన సైకిళ్లు కూడా రోడ్ల మీద కనిపిస్తుంటాయి.

7. సైకిల్‌తోపాటు

బడ్జెట్‌లో అయిదో వంతు పక్కన పెట్టుకోండి. హెల్మెట్ మీద ఈఎన్ 1078 (సైకిల్ హెల్మెట్లకు యూరప్ భద్రతా ప్రమాణం) అన్న గుర్తు ఉండాలి. కొనే ముందు నుదుటి చుట్టూ టేపు పెట్టి తల కొలవండి. రోడ్ బైక్ ట్యూబులకు ఎక్కువగా సన్న వాల్వ్ ఉంటుంది. ఊళ్లో పంక్చర్ షాపు గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి, ఇంట్లో గాలి ఒత్తిడి చూపే గేజ్ ఉన్న పంపు ఒకటి కొనిపెట్టండి. వెనక ఎర్ర లైటు, తాళం, అదనంగా ఒక ట్యూబు కూడా.

మూడు నెలలకోసారి గోడ దగ్గర మళ్లీ కొలిచి సీటు సరిచేయండి, రాడ్‌కు గ్రీజు రాయించండి. స్టెమ్ మార్చిన రోజు పాతదాన్ని పారేయకుండా బిల్లుతోపాటు దాచండి. సీటు రాడ్ మీది గీత బయటికి వచ్చే సమయానికి పెద్ద ఫ్రేమ్ వెతకాల్సి వస్తుంది. అప్పుడు మీ దగ్గర ఈ సైకిల్ కొనేది కూడా ఎదిగే పిల్లలున్న ఇంటివాళ్లే కావచ్చు, ఆ పొట్టి స్టెమ్ వాళ్లకు కావాలి.