చెరువు కబురు అందరికీ చేరేలా

ఉదయగిరి దగ్గర మా ఊరి చెరువు పోరంబోకును (చెరువు కింద ఉన్న సర్కారు భూమిని) మట్టి తోలి ఆక్రమిస్తుంటే, దాన్ని కాపాడుకోడానికి వాట్సాప్ గ్రూపు పెడితే, అర్జీ సంగతి గుడ్ మార్నింగ్ పూల కింద పడి కనపడేది కాదు. పైగా "చెరువు రాసిచ్చేశారంట కదన్నా" అని ఫోన్లు. ఒకటే టెన్షన్!

అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చా. ఇప్పుడు శనివారం ఒక్క వాయిస్ మెసేజ్: ఏం జరిగింది, తర్వాతేంటి, ఆఫీసుకు ఎవరెవరు వస్తారు. తోడుగా హద్దురాయి ఫోటో, ఎప్పుడూ ఒకే చోట నిలబడి తీసేది. తోలిన మట్టి ఎంత ముందుకొచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి గనక ఆ గడువు తేదీ కూడా పెడతా. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసెయ్యాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి పెట్టాక, అంతదాకా ఉలకని వాళ్లు కూడా సంతకాలకొచ్చారు.

స్మార్ట్‌ఫోన్ లేని పెద్దోళ్ల కోసం అదే కబురు టీ అంగడి గోడమీద సుద్దతో రాస్తున్నాం.