‘ట్రబుల్’ను తెలుగు చేయడం ఎలా?

ఇంగ్లిష్ కథల్ని, సబ్‌టైటిల్స్‌ని తెలుగు చేయడం నా రోజువారీ పని. ఎవరి అనువాదం చూసినా ‘ట్రబుల్’ అనే చిన్న మాట దగ్గరే తడబాటు కనిపిస్తుంది. ఎక్కడ కనిపించినా ‘సమస్య’ అని వేసేసి ముందుకు వెళ్లిపోతారు. ‘సమస్య’ అంటే విప్పగలిగేది. లెక్కల పుస్తకంలో ఉంటుంది, అవధానంలో పృచ్ఛకుడు పూరించమని ఇస్తాడు. మిగతా చోట్ల ఆ మాట వాడకండి.

కావలసినవి: నిఘంటువు, కాగితం, పెన్సిలు. కాగితం మీదే చేయాలి, స్క్రీన్ మీద కన్ను జారిపోతుంది.

1. మాట కింద గీత గీసి, ముందు రెండు వాక్యాలు, తర్వాత రెండు వాక్యాలు చదవండి.

2. తేలికైనవి ముందు తేల్చేయండి. ఇంజిన్ ట్రబుల్ అంటే బండి మొరాయించింది. హార్ట్ ట్రబుల్ గుండె జబ్బు. ‘ద ట్రబుల్ ఈజ్’ అని మొదలైతే ‘వచ్చిన చిక్కల్లా’. ‘ఆస్కింగ్ ఫర్ ట్రబుల్’కి కొరివితో తల గోక్కోవడం ఉండనే ఉంది. గ్యాస్ ట్రబుల్‌ని మాత్రం ముట్టుకోకండి, అది ఎప్పుడో మన మాటైపోయింది.

3. మర్యాద కోసం అన్నవి విడిగా తీయండి. ఇంటికొచ్చిన చుట్టం ‘డోంట్ గో టు ఎనీ ట్రబుల్’ అంటుంది. ఒక రాతప్రతిలో దీన్ని ‘ఏ కష్టంలోకీ వెళ్లకండి’ అని రాశారు. మన ఇళ్లలో ‘ఇప్పుడేం పెట్టుకోకు వదినా’ అంటారు. దానికి జవాబుగా వచ్చే ‘నో ట్రబుల్’కి ‘అయ్యో, అదెంత పని!’ సరిపోతుంది. అపరిచితుణ్ణి దారి అడుగుతూ ‘సారీ టు ట్రబుల్ యూ’ అంటే, ‘ఏమీ అనుకోకండి’.

4. ఇక ‘ఇన్ ట్రబుల్’. ఇక్కడ తొందరపడితే కథే మారిపోతుంది. నిఘంటువు మూసేసి, కీడు ఎటు నుంచి వస్తోందో చూడండి.

పైవాళ్ల నుంచి వస్తుంటే అది చీవాట్లు, దెబ్బలు, శిక్ష. అద్దం పగలగొట్టిన పిల్లాడితో అక్క ‘యూ ఆర్ ఇన్ ట్రబుల్’ అంటే ‘నువ్వు ఆపదలో ఉన్నావు’ అని రాయకూడదు. ‘అయిపోయావ్, అమ్మ రానీ!’ అనాలి. అదే మాట పోలీసుల గురించి అయితే ‘కేసులో ఇరుక్కున్నాడు’.

కీడు పరిస్థితి నుంచి వస్తే మాట వేరు. సముద్రంలో ఈతగాడు ‘ఇన్ ట్రబుల్’ అంటే మునిగిపోతున్నాడని అర్థం. అక్కడ ‘ఇబ్బంది పడుతున్నాడు’ అని రాస్తే చదివేవాడికి ప్రాణం మీదికి వచ్చిందని తెలియదు. కంపెనీ అయితే నష్టాల్లో కూరుకుపోయింది.

మూడోది మరీ జాగ్రత్తగా చూడాలి. పాత ఇంగ్లిష్ నవలల్లో పెళ్లికాని అమ్మాయి ‘ఇన్ ట్రబుల్’ అంటే చాలాసార్లు ఆమె నెల తప్పిందని. నోటితో అనలేక అలా చాటుగా చెప్పేవారు. నా దగ్గరికి దిద్దడానికి వచ్చిన ఒక అనువాదంలో ‘పాపం, పిల్ల కష్టాల్లో ఉంది’ అని ఉంది. నాలుగు అధ్యాయాల తర్వాత ఊయల వచ్చింది, బిడ్డ వచ్చింది. ఎవరి బిడ్డో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుగులో ఎక్కడా లేదు! నాలుగు అధ్యాయాలూ మళ్లీ రాయాల్సి వచ్చింది. అందుకే పాత పుస్తకమైతే చివరిదాకా చదవకుండా ఈ రెండు మాటల్ని తెలుగు చేయకండి.

కొందరు యంత్రానువాదం చేయించి, దాన్ని దిద్దుకుంటే చాలంటారు. నేను ఒప్పుకోను. యంత్రం ఇచ్చిన ‘ఇబ్బంది’ ఒక్కసారి కంట్లో పడితే, ‘అయిపోయావ్’ ఇక తట్టదు.

5. పెద్దక్షరంతో, బహువచనంలో ‘ద ట్రబుల్స్’ కనిపిస్తే అది ఉత్తర ఐర్లాండ్ చరిత్ర. 1960ల చివర మొదలై 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం దాకా సాగిన హింసలో దాదాపు 3,500 మంది చనిపోయారు. దాన్ని ‘కష్టాలు’ అనడం అన్యాయం. నేను ‘కల్లోలం’ అంటాను. ట్రబుల్‌కి లాటిన్ మూలంలో ఉన్నది నీళ్లను కలచి బురద చేయడమే. మన ‘కలక’, ‘కలత’ కూడా ఆ బొమ్మలోంచే వచ్చాయి. ‘ట్రబుల్డ్ మైండ్’కి కలత చెందిన మనసు అంత చక్కగా అమరేది అందుకే.

6. అంతా అయ్యాక ఇంట్లో ఇంగ్లిష్ రానివాళ్లకి పైకి చదివి వినిపించండి. ‘అంటే ఏమైందట?’ అని అడిగారంటే, పెన్సిలు గీత దగ్గరికి తిరిగి వెళ్లండి.