దద్దుర్లు లేచినప్పుడు ఏం చూడాలి, ఏం చేయాలి: మాస్ట్ కణం తీరు తెలిసి మెలగడం

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి చుట్టుపక్కల జీడితోటల్లో పనిచేసేవారికీ, మహేంద్రగిరి వైపు అడవుల్లో తేనె తీసేవారికీ తేనెటీగ కాటు కొత్త కాదు. కాటు తగిలి నా మందుల దుకాణానికి వచ్చినవారు "బాబూ, దద్దుర్లకో మాత్ర ఇయ్యండి" అని అడుగుతారు. మాత్ర ఇవ్వడం తేలికే. అయితే ఆ మాత్రతో తగ్గిపోయే దద్దురు ఏది, మాత్ర వేసుకుని కూర్చుంటే ప్రాణం మీదికి వచ్చేది ఏది అన్నది ఇంట్లోవారే పోల్చుకోవాలి. అందుకు చర్మంలో ఉండే మాస్ట్ కణం అనే రోగనిరోధక కణం ఏ వరుసలో పనిచేస్తుందో తెలిసి ఉండాలి.

ఈ కణాన్ని 1878లో జర్మనీలో పాల్ ఎర్లిక్ తన పరిశోధన వ్యాసంలో వర్ణించాడు. రేణువులతో కిక్కిరిసి ఉండటం చూసి, బాగా మేత మేసిన కణమనుకుని, మేత అనే అర్థం వచ్చే జర్మన్ మాటతో దానికి పేరు పెట్టాడు. చదువుకునే రోజుల్లో టొల్యుడిన్ బ్లూ అనే రంగు అద్దిన గాజుపలకను నేను సూక్ష్మదర్శినిలో చూశాను. తక్కిన కణాలన్నీ నీలంగా ఉంటే, రక్తనాళం అంచున ఇవి మాత్రం నేరేడు పండు రంగులో, పగలడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించాయి. ఇవి ఎముక మజ్జలో పుట్టి, చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగు పొరల్లో చేరి అక్కడే ఎదుగుతాయి. పరాన్నజీవులను ఎదుర్కోవడం, కొన్ని విషాలను విరగ్గొట్టడం వీటి మేలైన పని.

మొదటి కాటుకు కొందరి శరీరం ఆ విషానికి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది, అవి వెళ్లి మాస్ట్ కణం పైపొరకు అతుక్కుని కూర్చుంటాయి. మరోసారి అదే విషం వచ్చి పక్కపక్కన ఉన్న రెండు ప్రతిరక్షకాలను కలిపి పట్టుకోగానే, నిమిషాల్లో కణం తన రేణువులను బయటికి వదులుతుంది. వాటిలోని హిస్టమిన్ అనే రసాయనం వల్ల రక్తనాళాలు వ్యాకోచించి నీరు కారుతుంది, చర్మం ఉబ్బి దురద పుడుతుంది. ఆ వెంటనే కణం ల్యూకోట్రైన్లు, ప్రోస్టాగ్లాండిన్లు కొత్తగా తయారుచేస్తుంది, అవి శ్వాసనాళాలను బిగిస్తాయి. కొన్ని గంటల పాటు సైటోకైన్లు వెలువడి వేరే కణాలను కూడా అక్కడికి రప్పిస్తాయి. సెట్రిజిన్ వంటి మాత్ర వీటిలో హిస్టమిన్‌ను మాత్రమే అడ్డుకుంటుంది, అదీ పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలియాలన్నది నా తపన.

తేనెటీగ కుట్టి ముల్లు దిగితే, గోటితో గీకినా లాగినా సరే, ముందు ఆలస్యం లేకుండా దాన్ని తీసేయాలి. తరువాత చర్మం ఒక్కటేనా, మరేదైనా కూడా ఉందా అని చూడాలి. లేచిన దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కన సమయం రాయండి. మామూలు దద్దురు 24 గంటల్లోపు ఆ గీతలోంచి మాయమవుతుంది, మరో చోట లేవవచ్చు. దద్దుర్లు మాత్రమే ఉన్నప్పుడు మాత్ర సరిపోతుంది. గొంతు బిగవడం, గొంతు మారడం, పిల్లికూతలు, వరుస వాంతులు, కళ్లు తిరగడం వీటిలో ఏదైనా తోడైతే అది అనఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన అలర్జీ. ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే ఇది వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి, ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోనివ్వాలి. మోటారుసైకిల్ మీద ఇద్దరి మధ్య నిటారుగా కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవడం మన ఊళ్లలో అలవాటు. ఆ స్థితిలో నిటారుగా లేపడం వల్ల గుండెకు రక్తం చాలక మనిషి కుప్పకూలవచ్చు కనుక, ఆటోలోనైనా పడుకోబెట్టే తీసుకెళ్లండి.

ఆసుపత్రిలో మొదట పడవలసినది తొడ బయటి వైపు కండరంలో ఎడ్రినలిన్ సూది. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, పెద్దలకు 0.5 మిల్లీగ్రాముకు మించదు, అవసరమైతే 5 నిమిషాలకు మళ్లీ ఇస్తారు. స్టెరాయిడ్ సూది పనిచేయడానికి గంటలు పడుతుంది కనుక అది ఎడ్రినలిన్‌కు బదులు కాదు. తగ్గిన లక్షణాలు కొన్ని గంటలకు తిరిగి రావచ్చు, అందువల్ల వైద్యులు ఉండమన్నంతసేపు ఉండాలి. లక్షణాలు మొదలైన నాలుగు గంటల్లోపు మాస్ట్ కణాలు వదిలే ట్రిప్టేజ్ అనే పదార్థం రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేయించి, 24 గంటలు దాటాక మళ్లీ చూస్తే, ఆ పూట పేలినవి మాస్ట్ కణాలేనా అన్నది తేలుతుంది. ఈ పరీక్ష సంగతి వైద్యులను మీరే అడగండి.

కాటుతో పనిలేకుండా ఆరు వారాలు దాటి దద్దుర్లు వస్తూనే ఉంటే వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానేయడం మన ఇళ్లలో పరిపాటి. చాలామందిలో ఇది తిండి వల్ల కాదు, సొంత ప్రతిరక్షకాలే మాస్ట్ కణాలను రేపుతుంటాయి. దద్దురు లేచాక కాక, వైద్యులు చెప్పినట్టు రోజూ మాత్ర వేసుకోవాలి, అవసరమైతే వారు మోతాదును నాలుగింతల వరకు పెంచుతారు. ఒళ్లునొప్పుల మాత్రలు కొందరిలో దీన్ని ఎక్కువ చేస్తాయి. గీసిన గీతలోంచి 24 గంటలైనా పోకుండా కమిలిన మచ్చ మిగిలితే చర్మవైద్యులకు చూపించాలి.

ఒంటి మీద గోధుమరంగు మచ్చలు ఉండి, గట్టిగా రుద్దితే అవి దద్దురులా లేస్తున్నా, కాటు తగిలినప్పుడు దద్దుర్లేమీ లేకుండానే స్పృహ తప్పినా, మాస్టోసైటోసిస్ ఉందేమో చూడమని అడగండి. మాస్ట్ కణాలు మితిమీరి పెరిగే ఈ జబ్బులో పెద్దలకు చాలావరకు కిట్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. పిల్లలకు వచ్చేది చర్మానికే పరిమితమై, యౌవనం వచ్చేసరికి తరచుగా తగ్గిపోతుంది.

మనం చూపించుకునేది ఒకసారి బరంపురంలో, మరోసారి పాతపట్నం దాటి శ్రీకాకుళంలో. ఒకచోట ఒడియా, ఇంకోచోట తెలుగు. అందుకే కుట్టిన సమయం, తిన్నవి, వేసుకున్న మందులు, దద్దుర్లు లేచిన సమయం ఒకే కాగితం మీద రాసి, మందుల పేర్లు మాత్రం అట్ట మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే దించుకోండి. దద్దుర్లను ఫోనులో ఫోటో తీసి ఉంచండి, వైద్యుల దగ్గరకు వెళ్లేసరికి అవి మాయమై ఉంటాయి.