నీట్ పుస్తకాలు కుప్పలు పడ్డయ్, మార్కులు మాత్రం అక్కడ్నే: ఎక్కడ తేడా కొడ్తుందో చూస్కోండ్రి

హన్మకొండ చౌరస్తాల ఏ బుక్‌షాపుల నీట్ అన్నా షాపాయన గంపెడు తీసి ముంగట పెడ్తడు. కొనుడు తర్వాత. ముందుగాల లాస్ట్ గ్రాండ్ టెస్ట్‌ల తప్పు పోయిన ప్రశ్నలు ముంగటేస్కొని మీ కథ కింద ఏ దాంట్ల పడ్తదో చూడుండ్రి.

ఇంటర్ బైపీసీల మంచి మార్కులే, నీట్ బయాలజీల మాత్రం పడ్తలేవు

కారణం చానమందికి ఒక్కటే, కాలేజీ నోట్స్ చదివిండ్రు గానీ ఎన్సీఆర్టీ (సెంట్రల్ సిలబస్ పుస్తకం) తెరవలే. తెలుగు అకాడమీ బుక్ మంచిదే, కాకపోతే అది బోర్డు ఎగ్జామ్‌కు రాసింది. నీట్‌ల 720కి 360 మార్కులు బయాలజీయే, అండ్ల చానా ప్రశ్నలు ఎన్సీఆర్టీ లైన్ల నుంచి, బొమ్మ కింద రాసిన మాటల నుంచి, టేబుళ్ళ నుంచే వస్తయ్. ఒక చాప్టర్ లైన్ లైన్ చదువుండ్రి, ఎంబడే ఆ చాప్టర్ పాత నీట్ ప్రశ్నలు చెయ్యుండ్రి, ఏ లైన్ నుంచి వచ్చిందో పెన్సిల్‌తోని గీత కొట్టుండ్రి. ఎన్సీఆర్టీ జిరాక్స్ మాత్రం వద్దు, నెఫ్రాన్ బొమ్మ నల్లగ మచ్చ లెక్క వస్తది, పేర్లు కనవడయ్. పీడీఎఫ్ ఎన్సీఆర్టీ సైట్‌ల ఫ్రీగనే ఉంది.

తెలుగు మీడియమోళ్ళు జర జాగ్రత్త. పేపర్ తెలుగుల వస్తది, పక్కన ఇంగ్లీష్ కూడ ఉంటది, కానీ అనువాదంల డౌట్ వస్తే ఇంగ్లీషుదే ఫైనల్. అకాడమీ బుక్‌తోని అర్థం చేస్కొని, పదాలు ఎన్సీఆర్టీ ఇంగ్లీష్‌ల చూసి నోట్‌బుక్‌ల పక్కపక్కన రాస్కోండ్రి.

చదివింది వస్తలేదు, వచ్చింది బుక్‌ల లేదు

ఇది పుస్తకం తప్పు కాదు, సిలబస్ గజిబిజి. 2024 నీట్‌కు ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) సిలబస్ తగ్గించింది, అటు ఎన్సీఆర్టీ కూడ చాప్టర్లు తీసేసింది, కానీ రెండూ ఒక్క తీరుగ తియ్యలే. కెమిస్ట్రీల సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ చాప్టర్లు రెండింట్లోనూ పోయినయ్. పీ-బ్లాక్ మాత్రం కొత్త ఎన్సీఆర్టీల లేదు, నీట్ సిలబస్‌ల 13 నుంచి 18 గ్రూపుల దాక ఉంది. అందుకే అక్క చదివిన పాత కెమిస్ట్రీ బుక్కులు పాత పేపరోళ్ళకు ఎయ్యకుండ్రి, పీ-బ్లాక్ అండ్ల శుభ్రంగ ఉంది. బాటనీల మాల్వేసీ, గ్రామినీ లాంటి కుటుంబాలు సిలబస్‌ల ఉన్నయ్ గానీ ఎన్సీఆర్టీల దొరకవు, వాటికి లెక్చరర్ నోట్సే దిక్కు. సిలబస్ ప్రింట్ తీసి గోడకు అంటేస్కొని, ఏ టాపిక్ ఏ బుక్‌ల ఉందో పక్కన రాయుండ్రి, ఖాళీ ఉన్నకాడికే కొత్త బుక్ కొనుండ్రి.

ఫిజిక్స్ చదివితే అర్థమైతది, లెక్క ముంగట పెడ్తే చెయ్యి ఆగుతది

సొల్యూషన్లు చదువుడు ఎక్కువైంది, చేసుడు తక్కువైంది. ఐఐటీ వాళ్ళ లావు బుక్ తెచ్చుకున్నా ఇదే గతి. ఒక్క బుక్ పట్టుకోండ్రి, సమాధానం పేజీ మీద అట్ట పెట్టి చెయ్యుండ్రి. 2025ల ఫిజిక్స్ చానా టైట్‌గ ఇచ్చిండ్రు, ఫార్ములా బుక్‌లెట్ ఒక్కటే నమ్ముకుంటే కష్టం.

మాక్ టెస్ట్‌ల టైం సరిపోతది, అసలు ఎగ్జామ్‌ల సరిపోతలేదు

మీ టెస్ట్ సిరీస్ పాతది కావొచ్చు. సెక్షన్ బీల 15 ప్రశ్నల్ల 10 చేస్తే చాలు అని ఉంటే అది 2021 నుంచి 2024 దాకటి పాటర్న్, అండ్ల 2022 నుంచి 200 నిమిషాలు ఇచ్చిండ్రు. 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, అన్నీ చెయ్యాలె. కొనేముంగట బుక్ ఎనక మోడల్ పేపర్ తిప్పి చూస్తే తెల్సిపోతది. పాత ఎంసెట్ బిట్ బ్యాంకులతోని ఇంకో లొల్లి, అండ్ల నెగటివ్ మార్కులు లేవు కాబట్టి గుడ్డిగ బబ్లింగ్ కొట్టుడు అలవాటైతది, ఇక్కడ తప్పుకు ఒక మార్కు పోతది.

లాంగ్ టర్మ్ (ఇంటర్ అయినంక మళ్ళ ఏడాది కోచింగ్) పెట్టుకున్నోళ్ళు సెట్టంత మళ్ళ కొనకుండ్రి. గీతలు కొట్టిన పాత ఎన్సీఆర్టీయే చదువుండ్రి, టెస్ట్ సిరీస్ ఒక్కటి కొత్తది తీస్కోండ్రి.