కంపెనీ ఆపేసిన పార్ట్ కావాలా? బెంగళూరులో ఇలా వెతకండి

షోరూమ్ కౌంటర్లో "ఆ పార్ట్ రావట్లేదు సార్" అనగానే చాలామంది బండి అమ్మేద్దామని డిసైడ్ అయిపోతారు. ఆగింది కంపెనీ స్టిక్కర్ వేసి అమ్మే డబ్బా మాత్రమేనండీ, లోపల ఉండేది చాలాసార్లు మామూలు బేరింగో ఆయిల్ సీలో, దాన్ని తయారుచేసేవాళ్ళు వేరే. అందుకే బండి పేరు చెప్పి అడగడం మానేసి సైజు చెప్పి అడగండి.

ముందు పాత పార్ట్‌ని కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో బాగా రుద్దితే దాని మీద అచ్చు కనిపిస్తుంది. బేరింగ్ మీద 6203 అని ఉందనుకోండి, లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు, ఏ కంపెనీ చేసినా అదే కొలత. తర్వాత ఉండే అక్షరాలు కూడా రాసుకోవాలి, 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బర్ సీల్, జెడ్‌జెడ్ అంటే రేకు మూత, సీ3 అంటే లోపల లూజు కాస్త ఎక్కువ ఉండేది, ఇంజన్లోంచి తీసిన దాని మీద సీ3 ఉంటే సీ3నే కొనండి. ఆయిల్ సీల్ మీద 25 40 7 లాగా మూడు అంకెలుంటాయి, లోపల, బయట, మందం. మొదటి రెండూ కచ్చితంగా కలవాలి, మందం ఒక మిల్లీమీటర్ తక్కువైనా నడిచిపోతుంది. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకి పెట్టాలి. షాఫ్ట్ మీద పాత సీల్ గాడి పడిపోయి ఉంటే కొత్త సీల్‌ని లోతు తగ్గించి కొట్టించండి, సీల్ పెదవి, అంటే షాఫ్ట్‌కి ఆనే అంచు, కొత్త చోట ఆనుతుంది. ఇవన్నీ జేసీ రోడ్‌లో దొరుకుతాయి, అక్కడ తెలుగులో అడిగినా పని జరిగిపోతుంది.

నంబర్ లేని పార్ట్ అయితే అన్నదమ్ముల బండ్లు చూడండి. మారుతి 800 ఆగింది 2014లో, కానీ అదే 796 సీసీ ఇంజన్ ఓమ్నీలో 2019 దాకా వచ్చింది, కాబట్టి ఇంజన్ సామాను ఓమ్నీ పేరు మీద కూడా అడగాలి. ఎల్ఎంఎల్ ఎన్‌వీ స్కూటర్ పుట్టింది వెస్పా పీఎక్స్ డిజైన్లోంచి, పీఎక్స్‌కి బయట దేశాల్లో కూడా పార్ట్స్ చేస్తూనే ఉన్నారు. యెజ్డీ బైకులు చేసిన మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడినా వాటి సామాను ఇంకా తిరుగుతోందంటే ఆ బండ్ల పిచ్చోళ్ళు మన చుట్టుపక్కల అంతమంది ఉన్నారు మరి.

తర్వాత శివాజీనగర్ గుజరీ, అంటే పాత సామాను మార్కెట్. చేతిలో పాత పీస్, వెర్నియర్ కాలిపర్ లేకుండా వెళ్ళొద్దు, "అదే సార్, సేమ్ టు సేమ్" అన్న మాట మీద డబ్బులివ్వొద్దు, పక్కపక్కన పెట్టి కొలవండి. ఇంజన్ నంబర్ కొట్టి ఉన్న కేసింగ్ మాత్రం కాగితాలు లేకుండా ఎంత చవకైనా ముట్టుకోకండి, అది దొంగ బండిదైతే స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే.

ఎక్కడా దొరక్కపోతే లేత్ షాపే దిక్కు, పీణ్య వైపు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. అసలు తెలివంతా ఇక్కడే కావాలి. అరిగిపోయిన బుష్, అంటే షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టం, ఇచ్చి "ఇలాంటిదే చెయ్యి" అంటే టర్నర్ అరిగిపోయిన కొలతకే కొత్తది చేసిస్తాడు, తప్పు ఆయనది కాదు కదా. బుష్‌ని కాదు, అది కూర్చునే రంధ్రాన్నీ, బుష్‌లో తిరిగే షాఫ్ట్‌నీ అరగని చోట కొలిపించండి. వీలైతే ఆ రెండు పార్ట్స్ కూడా షాపుకే తీసుకెళ్ళండి. బుష్‌ని ప్రెస్ చేశాక లోపలి రంధ్రం కొంచెం మూసుకుంటుంది, అందుకని ఫైనల్ సైజు ప్రెస్ చేసిన తర్వాతే రీమర్‌తో, అంటే రంధ్రాన్ని సరైన సైజుకి తీసే పనిముట్టుతో, తీయమనాలి. మెటీరియల్ కూడా మీరే చెప్పాలి, బుష్‌కి గన్‌మెటల్ లేదా ఫాస్ఫర్ బ్రాంజ్ (రెండూ కంచు రకాలే), లేకపోతే షాపులో పడున్న ఇత్తడి ముక్కతో కానిచ్చేస్తారు. ఒకటి చేసినా రెండు చేసినా మెషిన్ సెట్టింగ్ టైమ్ అదే కాబట్టి రెండు చేయించుకోండి.

రబ్బర్ దగ్గర రంగు చూసి మోసపోవద్దు, చాలావరకు నల్లగానే ఉంటాయి. పెట్రోల్, ఇంజన్ ఆయిల్ తగిలే చోట నైట్రైల్ రబ్బర్, వేడి ఎక్కువైతే విటాన్ రబ్బర్. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్‌కి మాత్రం ఈపీడీఎమ్ అనే రబ్బర్ కావాలి, అక్కడ నైట్రైల్ వేస్తే ఉబ్బిపోయి పిస్టన్ ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ క్లిప్పులు, మూతలు త్రీడీ ప్రింట్ చేయించొచ్చు గానీ పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలబెట్టిన కార్ డ్యాష్‌బోర్డ్ మీద వంగిపోతుంది. ఏఎస్ఏ ప్లాస్టిక్ అడగండి. సైడ్ ప్యానెల్ లాంటి పెద్దవైతే ఎవరి దగ్గరైనా మంచిది అడిగి తెచ్చుకుని దాని మీద ఫైబర్ అచ్చు తీయించడం నయం.

బ్రేక్, స్టీరింగ్ సామాను జోలికి మాత్రం ఈ ప్రయోగాలతో వెళ్ళొద్దు. బ్రేక్ షూకి కొత్త లైనింగ్ అతికించేవాళ్ళున్నారు, అది ఓకే. కానీ స్టీరింగ్ బాల్ జాయింట్ వెల్డింగ్ చేసిస్తానని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి, కొత్తది దొరికేదాకా బండి ఇంట్లోనే ఉండనివ్వండి.