ఇంట్లో రేడియేషన్ ఎలా కొలవాలి? గైగర్ కౌంటర్‌ను సరిగ్గా వాడే పద్ధతి

వంటగట్టు గ్రానైట్ మీద గైగర్ కౌంటర్ పెట్టడం, స్క్రీన్ మీద అంకె ఒక్కసారి పైకి లేవగానే ఫోటో తీయడం, "మన బిల్డింగ్‌లో రేడియేషన్ ఉంది" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం. విజయవాడలో ఇలాంటి ఫోటోలు చూపించి నన్ను అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోటో కొలత కాదు. రేడియేషన్‌ను కొలవడమంటే ఓపిగ్గా లెక్కపెట్టడం.

మీటర్ గురించి రెండు మాటలు చాలు. మొబైల్ టవర్ తరంగాలు గైగర్ కౌంటర్‌కు తెలియవు, పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి వాటికి లేదు. తక్కువ ధరకు రేడియేషన్ మీటర్ పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను కొలిచే ఈఎంఎఫ్ మీటర్లే, అవి ఈ పనికి రావు. రేడియేషన్‌ను పట్టుకున్న ప్రతిసారీ మీటర్ ఒక క్లిక్ ఇస్తుంది; మొత్తం క్లిక్కులను లెక్కపెట్టి చూపించని మీటర్ కొనకండి. లోపల రేడియేషన్‌ను పట్టుకునే ట్యూబు గాజుదైతే నేరుగా ఎండ తగలనివ్వకండి. ఒక నోటు పుస్తకం, పెన్ను, గడియారం, ఒకే మందం ఉన్న రెండు స్టీలు పళ్లేలు దగ్గర పెట్టుకోండి. ఫోన్ యాప్ వద్దు, పుస్తకంలోనే రాయండి.

మీ మీటర్ ఏ కిరణాలను పట్టుకుంటుంది?

ఈ కిరణాలు ముఖ్యంగా మూడు రకాలు: ఆల్ఫా, బీటా, గామా. ఆల్ఫా కణాన్ని కాగితం ఆపేస్తుంది, గాలిలోనైనా కొన్ని సెంటీమీటర్లు దాటదు. బీటా అంటే వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్, దానికి కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. గామా తగ్గాలంటే సీసమో, మందపాటి కాంక్రీటో కావాలి. మామూలు మీటర్లలోని ట్యూబు గోడ ఆల్ఫాను లోపలికి రానివ్వదు. ఆల్ఫా కొలవాలంటే పలచటి మైకా కిటికీ ఉన్న ట్యూబు ఉండాలి, ఆ మైకాను వేలితో తాకకూడదు.

1928లో హాన్స్ గైగర్, వాల్టర్ ముల్లర్ తయారుచేసిన ఈ ట్యూబులో కొద్దిగా వాయువు, మధ్యలో తీగ, సాధారణంగా 400 వోల్టుల దాకా విద్యుత్తు ఉంటాయి. లోపల ఒక్క ఎలక్ట్రాన్ విడిపడినా అది మిగతా పరమాణువులను గుద్దుతూ ఉప్పెనలా పెరిగి ఒక పల్స్ అవుతుంది. వచ్చింది బీటా అయినా గామా అయినా, శక్తి ఎంతున్నా, పల్స్ ఒకేలా ఉంటుంది. ఏ మూలకం నుంచి వచ్చిందో తెలియాలంటే సోడియం అయొడైడ్ స్ఫటికం ఉన్న పరికరం కావాలి. ఎక్స్‌రే టెక్నీషియన్లు ఛాతీ దగ్గర పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి చేసే పని వేరు. అది నెలల తరబడి పడిన మోతాదును దాచుకుని తర్వాత ల్యాబ్‌లో చెబుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ లెక్క: అందరూ పాడుచేసే చోటు

భూమి, గోడలు, ఆకాశం నుంచి రేడియేషన్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, దాన్నే బ్యాక్‌గ్రౌండ్ అంటారు. ఏ వస్తువునూ దగ్గర పెట్టకుండా ముందు దాన్ని లెక్కపెట్టాలి. ఈ పని చేయకుండా తీసిన ఏ రీడింగ్‌కూ విలువ లేదు.

క్లిక్కులు సమానంగా రావు. ఒక నిమిషంలో 18, తర్వాతి నిమిషంలో 33 వచ్చినా మీటర్ చెడిపోలేదు, ఇంట్లో ఏదీ మారలేదు. వచ్చిన లెక్కకు వర్గమూలం ఎంతో, అటూ ఇటూ అంత ఊగడం సహజం. నిమిషానికి 25 వస్తే ఊగిసలాట 5, అంటే 20 శాతం. అదే పది నిమిషాలు ఆగి 250 లెక్కపెడితే ఊగిసలాట 16 మాత్రమే, 6 శాతం దాకా. అందుకే పది నిమిషాల కంటే తక్కువ లెక్కను నేను ఒప్పుకోను. అరగంట అయితే ఇంకా మంచిది.

ఇప్పుడు తేడా చూడండి. బ్యాక్‌గ్రౌండ్ 250, గ్రానైట్ మీద 270 వచ్చిందనుకుందాం. తేడా 20. రెండు లెక్కలూ కూడితే 520, దాని వర్గమూలం 23. తేడా ఊగిసలాట కంటే తక్కువ కాబట్టి ఆ గ్రానైట్ గురించి మీరేమీ చెప్పలేరు. 270కి బదులు 400 వస్తే తేడా 150, ఊగిసలాట 25. అప్పుడు నమ్మవచ్చు. తేడా ఊగిసలాటకు కనీసం మూడు రెట్లు ఉంటే తప్ప ఎవరికీ చెప్పకండి. ఇంట్లో పెద్దవాళ్లను అనవసరంగా టెన్షన్ పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

వాన పడుతున్నప్పుడు, ఆగిన రెండు మూడు గంటల వరకు కొలవకండి. గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి పుట్టిన సీసం-214, బిస్మత్-214 వానతో కిందికి దిగి లెక్క పెంచుతాయి. వాటి అర్ధాయువు, అంటే సగం పరమాణువులు విచ్ఛిన్నం కావడానికి పట్టే సమయం, అరగంట లోపే కాబట్టి అది త్వరగానే తగ్గిపోతుంది. ఇంట్లో ఎవరికైనా ఆ మధ్య న్యూక్లియర్ స్కాన్ చేశారేమో కూడా అడగండి. ఆ స్కాన్లలో వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలే, కానీ థైరాయిడ్ చికిత్సకు ఇచ్చే అయొడిన్-131ది 8 రోజులు. ఆ మనిషి పక్క గదిలో ఉన్నా మీ లెక్క పాడవుతుంది. వస్తువును కొలిచేటప్పుడు మీటర్ అదే గదిలో, అదే చోట, అదే దిశలో ఉండాలి.

వస్తువు మీద కొలవడం

పరీక్షకు గుంటూరు మిర్చి రైతులు వాడే పొటాష్ కంటే మంచి వస్తువు లేదు. ఎరువుల కొట్లో కిలో తెచ్చుకోండి. సహజ పొటాషియంలో పొటాషియం-40 దాదాపు 0.0117 శాతం ఉంటుంది, గ్రాము పొటాషియంలో సెకనుకు 31 దాకా పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. ప్రమాదం లేదు, ధర తక్కువ. దీనికోసం స్మోక్ డిటెక్టర్ విప్పి అందులోని రేడియోధార్మిక అమెరీషియం బయటికి తీయమని వీడియోలు చెబుతాయి. ఆ పని ఎప్పుడూ చేయకండి.

పలచటి ప్లాస్టిక్ కవర్లో పొటాష్ పోసి, ట్యూబు ఉన్న వైపు, మధ్యలో రెండు పళ్లేలు పట్టేంత ఖాళీ వదిలి పెట్టి పది నిమిషాలు లెక్కపెట్టండి. తర్వాత మధ్యలో రెండు స్టీలు పళ్లేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. అదనంగా వచ్చిన లెక్క చాలావరకు పడిపోతే అది బీటా. పళ్లేలు పెట్టినా మిగిలింది ప్రధానంగా గామా. రెండుసార్లూ దూరం మారకుండా చూసుకోండి, దూరం పెరిగినా లెక్క తగ్గుతుంది.

స్క్రీన్ మీది మైక్రోసీవర్ట్ (శరీరానికి పడే మోతాదు కొలమానం) అంకెను ఇక్కడ పట్టించుకోకండి. క్లిక్కులను మోతాదుగా మార్చే ఆ లెక్కను సాధారణంగా సీజియం-137 వంటి వాటి గామాకు సరిపోయేలా పెడతారు. బీటా ఎక్కువగా వచ్చే పొటాష్ మీద అది తప్పు చెబుతుంది. గది గాలిలో గంటకు 0.1 నుంచి 0.2 మైక్రోసీవర్ట్ చూపిస్తే మామూలే.

గ్రానైట్‌కూ ఇదే పద్ధతి. చీమకుర్తి గెలాక్సీ రాయిని గ్రానైట్ అంటున్నా అది గ్యాబ్రో అనే మరో రకం రాయి జాతిది, పొటాషియం, యురేనియం, థోరియం తక్కువ. ఎర్ర, గులాబీ రాళ్లలో సాధారణంగా కాస్త ఎక్కువ ఉంటాయి. అది చూసి వంటగట్టు పగలగొట్టించాల్సిన పనిలేదు.

ఆటోనగర్‌లో పాత ఇనుము కొనేవాళ్లు మాత్రం ఈ మీటర్ తప్పక వాడాలి. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్లోకి కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న పరికరం చేరి ఒకరి ప్రాణం పోయింది. ఏదైనా ముక్క దగ్గరికి వెళ్తుంటే క్లిక్కులు లెక్కకు అందనంత వేగంగా వస్తే ఇక కొలవడం ఆపండి. దాన్ని ముట్టుకోకుండా వెనక్కి వచ్చేయండి, చుట్టుపక్కల వాళ్లను దూరంగా పంపి పోలీసులకు ఫోన్ చేయండి.