ఎయిర్ రైఫిల్ సొంతంగా – 7వ పాఠం: తుపాకీలో ఏం మారాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? 10 మీటర్ల దూరంలో, కూర్చుని, దిండు మీద చెయ్యి ఆనించి, ఒక్కో కాగితం మీద ఐదేసి పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్లో వేసే చిన్న గుళ్లు). ఆ కాగితాలు ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. చేయకపోతే ముందు అది చేసి రండి, ఎందుకంటే ఇవాళ్టిదంతా వాటి మీదే నడుస్తుంది.

పాతకాలపు స్ప్రింగు రైఫిల్, అంటే బారెల్‌ను కీలు దగ్గర మడిచి (దీన్నే విరవడం అంటారు) లోడ్ చేసేది, ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే కంపెనీవాడు ఇది ఇలా చేసుంటే బాగుండేది అనే మాట రాకుండా ఉండదు. పవర్ పెరగాలి అంటాడొకడు, ట్రిగ్గర్ రాయిలా ఉందంటాడు ఇంకొకడు, స్కోప్ పెట్టుకోవడానికి రైలే లేదంటాడు మరొకడు. వీటిలో ఏది నిజంగా తుపాకీ లోపం, ఏది మన చేతి లోపం, ఏది ఊరికే మోజు అన్నది తేల్చుకోవడమే ఇవాళ్టి పని.

పవర్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎక్కువమంది అడిగేది అదే, తక్కువ పనికొచ్చేదీ అదే. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 180 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి సుమారు 8 జౌళ్లు. 10 మీటర్లు చేరేలోపు అది సుమారు 1.5 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. స్ప్రింగు మార్చి వేగాన్ని 220కి తెచ్చారనుకోండి, అప్పుడు సుమారు 1 సెంటీమీటరు జారుతుంది. ఇంతా చేసి మిగిలింది అర సెంటీమీటరు, అది వెనక సైటు (గురి చూసే గాడి) కాస్త తిప్పితే వచ్చేసేది. బదులుగా బారెల్ విరవడానికి రెక్కలు నొప్పులు, ఎక్కువ ఎదురుదెబ్బ, చెదిరిన గ్రూపు (కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు). పైగా మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించని వాటికే లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి ఆ గీత దగ్గర ఆటలొద్దు. ఇంకోమాట, మన ఊళ్లలో దీన్ని పిట్టల తుపాకీ అంటారు గానీ పిట్టల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ పాఠాలన్నీ కాగితం మీద కొట్టడానికే.

ఇప్పుడు కాగితాలు చూడండి. అన్ని కాగితాల్లోనూ గ్రూపు చిన్నగా ఉండి ఒక పక్కకు మాత్రమే జరిగి ఉంటే మీ తుపాకీకి జబ్బేం లేదు, సైటు సరిచేసుకుంటే చాలు. ఒక కాగితంలో గ్రూపు బాగుండి ఇంకోదాంట్లో చెదిరిపోతే దాదాపుగా పట్టే పద్ధతిలో తేడా. అన్నిటిలోనూ ఒకే తీరుగా చెదిరిపోతుంటేనే తుపాకీని అనుమానించాలి. అలా అనుమానం వస్తే ముందు స్టాక్ (భుజానికి ఆనించే కర్ర భాగం) స్క్రూలు బిగించండి. నవ్వకండి, స్ప్రింగు రైఫిల్ అదురుకి స్క్రూలు వాటంతటవే వదులవుతాయి, ఇంత మామూలు విషయాన్ని చూసుకోకుండా కొత్త బారెల్ వెతికేవాళ్లున్నారు.

తర్వాత బారెల్ మడత దగ్గర గాలి లీకు. ఆ అతుకు మీద పల్చటి టిష్యూ కాగితం ముక్క పెట్టి, పెల్లెట్ వేసి, వెనక మెత్తటి దన్ను ఉన్న, పెల్లెట్లను పట్టి ఆపే డబ్బాలోకి కాల్చండి. కాగితం ఎగిరితే వాషర్ పోయినట్టు. సైజు సరిపోయే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) గానీ తోలు వాషర్ గానీ కొత్తది వేస్తే చాలు. పిస్టన్ (స్ప్రింగు తోస్తే గాలిని నొక్కే ముక్క) దగ్గర కూడా పాత మోడళ్లలో తోలు వాషరే ఉంటుంది, అది ఎండిపోతే గాలి నిలవదు. అలాగని ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె గాలి గదిలోకి ఒంపెయ్యకండి. నొక్కుడుకి పుట్టే వేడికి ఆ నూనె అంటుకుని డీజిల్ ఇంజన్లోలా పేలుతుంది, పొగా వాసనా వస్తాయి, వేగం ఒక్కో షాటుకి ఒక్కోలా ఉంటుంది, స్ప్రింగు కూడా పాడవుతుంది.

ఇక ట్రిగ్గర్. నన్నడిగితే సొంతదారులు కంపెనీని అడగాల్సిన మొదటి మార్పు ఇదే. మీ ఇంట్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఉంటే తీసుకోండి. రైఫిల్‌ను దిండ్ల మీద కదలకుండా పెట్టి, పెల్లెట్ వేసి, మూతి పెల్లెట్లను ఆపే ఆ డబ్బా వైపే ఉంచి, కొక్కేన్ని ట్రిగ్గర్‌కి తగిలించి నెమ్మదిగా లాగండి. పేలినప్పుడు ఎంత చూపించింది? పాత తరహా రైఫిళ్లలో రెండు మూడు కిలోలు చూపించినా ఆశ్చర్యం లేదు. రైఫిల్ బరువే సుమారు మూడు కిలోలు. తుపాకీ బరువంత బలం ఒక్క వేలితో పెడుతూ దాన్ని కదలకుండా ఉంచాలంటే ఎవరి వల్లవుతుంది? జర్మనీలో వైరౌఖ్ (Weihrauch) కంపెనీవాళ్ల రెకార్డ్ ట్రిగ్గర్‌కి ఇన్నేళ్లుగా అంత పేరుండటానికి కారణం ఇదే. లాగుడు రెండు దశల్లో ఉంటుంది, మొదటి దశ దాటి గోడలా ఆగిన చోటు వేలికి తెలుస్తుంది, అక్కడి నుంచి చాలా తేలిగ్గా పేలేలా సర్దుకోవచ్చు. అదేం నిన్నమొన్నటి టెక్నాలజీ కాదు, కాబట్టి కంపెనీలను ఇది అడగడం అత్యాశేం కాదు.

మీ దగ్గరున్న ట్రిగ్గర్‌కి సర్దుబాటు స్క్రూ ఉంటే పావు చుట్టు చొప్పున మాత్రమే తిప్పండి. తిప్పిన ప్రతిసారీ పెల్లెట్ వేసి, బారెల్ పూర్తిగా మూసి, మూతి డబ్బా వైపు పెట్టి, స్టాక్ మీద అరచేత్తో గట్టిగా తట్టి చూడండి. దానంతటదే పేలిందంటే స్క్రూ వెంటనే వెనక్కి తిప్పాలి. లోపలి కొక్కేలను ఆకురాయితో అరగదీసే సలహాలు చాలామంది ఇస్తారు, ఆ జోలికి వెళ్లొద్దు. బారెల్ విరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ జారితే బారెల్ ఒక్కసారిగా పైకి లేచి మధ్యలో ఉన్న వేళ్లను నలిపేస్తుంది. ఇలా జరక్కుండా ఆపే అడ్డు కొత్త మోడళ్లలో చాలావాటికి ఉంది, పాతవాటిలో చాలావాటికి లేదు, నా లెక్కలో ఇది సొంతదారుల కోరికల జాబితాలో పవర్ కంటే ఎంతో పైన ఉండాలి. అడ్డు ఉన్నా లేకపోయినా పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండండి.

సైట్ల విషయానికొస్తే చిన్న లెక్క చేద్దాం. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య 45 సెంటీమీటర్లు ఉంటే, వెనక సైటు 0.2 మిల్లీమీటర్లు కదిలినా 10 మీటర్ల దగ్గర దెబ్బ 4 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. వెనక సైటును గోటితో ఊపి చూడండి, లొడలొడలాడుతుంటే చెదరడానికి కారణం దొరికినట్టే. నలభై దాటినవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది, వెనక గాడి మసకగా కనిపిస్తుంది. దీనికి మందు కంటికి దగ్గరగా ఉండే చిన్న రంధ్రం సైటు, పోటీల్లో వాడే డయాప్టర్ లాంటిది. కన్ను దానంతటదే రంధ్రం మధ్యకు సర్దుకుంటుంది. కానీ బిగించడానికి పైన 11 మిల్లీమీటర్ల గాడి రైలు ఉండాలి, చాలా పాత రైఫిళ్లకు అదే లేదు. ఖర్చు పెద్దగా లేని మార్పు ఇది, కంపెనీలు ఎందుకు చేయవో నాకర్థం కాదు. స్కోప్ పెట్టేవాళ్లు మాత్రం స్ప్రింగు రైఫిల్‌కి తగినదని రాసి ఉన్నదే కొనండి. ఇది ముందు వెనక్కి, తర్వాత ముందుకి, రెండు వైపులా కుదుపుతుంది, మామూలు స్కోపులు దీనికి తట్టుకోవు.

ఈ కుదుపే లేకుండా చేయలేరా అని అడుగుతారు. 1960లలోనే చేశారు. ఫైన్‌వెర్క్‌బౌ వాళ్లు పోటీ రైఫిల్లో బారెల్, గాలి గది కలిపి స్టాక్ మీద పట్టాల్లా జారేలా పెట్టారు, డయానా వాళ్లు ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్లతో కుదుపుని కుదుపే చంపేసేలా చేశారు. రెండూ బరువు, రెండూ ఖరీదు. ఆ తర్వాత పోటీలవాళ్లు స్ప్రింగునే వదిలేశారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే, కానీ ఆ స్థాయిలో వాడేవి ముందే నింపిన గాలితో పనిచేసేవి, కుదుపు దాదాపు ఉండదు. మామూలు ధర స్ప్రింగు రైఫిల్లో అది కోరుకోవడం న్యాయం కాదు. మనం చేయగలిగింది దాన్ని దాని మానాన కుదపనివ్వడం. బిగించి పట్టకుండా తెరిచిన అరచేతి మీద స్టాక్‌ను ఊరికే ఆనించి, భుజానికి తేలిగ్గా తాకించి కాల్చండి. అరచెయ్యి ట్రిగ్గర్ గార్డుకి దగ్గరగా ఉంటే ఒక గ్రూపు వస్తుంది, స్టాక్ మధ్యకు జరిపితే ఇంకో గ్రూపు వస్తుంది, ఏది చిన్నదో మీ రైఫిలే చెబుతుంది.

ఇక వచ్చే పాఠంలోపు చేయాల్సినవి. స్క్రూలు, టిష్యూ పరీక్ష, ట్రిగ్గర్ బరువు, వెనక సైటు ఊగుడు చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత అరచెయ్యి రెండు చోట్ల పెట్టి చోటుకి మూడేసి కాగితాలు కాల్చండి. పెల్లెట్ల రకం మార్చకండి, కళ్లకు రక్షణ అద్దాలు మర్చిపోకండి. 8వ పాఠంలో ఆ ఆరు కాగితాలతో సైటు ఎన్ని క్లిక్కులు తిప్పాలో లెక్క కడదాం, ఒక స్కేలు దగ్గర ఉంచుకోండి.